పొగపీపాకు గ్యాసు మంట తోడు

మేము ఈ పత్రికలో సాధారణముగా ప్రత్తిని గూర్చియు, శనగను గూర్చియు, కొఱ్ఱ, జొన్నలను గూర్చియు వ్రాయుచుందుము. 1906లో స్థాపింపబడిన నంద్యాల పరిశోధనా క్షేత్రము వలన ఈ పైరులకు గలిగిన మేలు మన సభ్యులకు తెలియనిది గాదు. కాని ఈ మాసము మాంసమును పొగబెట్టు పీపాను గూర్చి వ్రాయబూనితిమి. ఇది వ్యవసాయ ప్రదర్శకులకు దగిన పనియేనా యని కొందఱు నవ్వవచ్చును. గొఱ్ఱెలను మేపువాడును రైతే. కోళ్లను పెంచు ఇల్లాలును రైతే. వారి సరుకు చెడిపోవుచుండగా చూచి యూరకుండుట మా వృత్తికి దగదు.

విషయమిది. నంద్యాలనుండి ఆళ్లగడ్డకు బోవు మార్గమున, శిరివెళ్ల దాటిన పిమ్మట నొక గ్రామమున, మన సంఘ సభ్యురాలొకతె తన భర్తతో గూడ నొక పొగపీపాను చేయించుకొన్నది. వారి కుమారుడు అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. అచ్చటి జనులు మాంసమును మంటపై గాల్చక, మూతవేసిన ఇనుప పీపాలో, కట్టె పొగతోను సన్నని వేడితోను గంటల తరబడి యుడికింతురు. దానినే బార్బెక్యూ యందురు. ఆ మాట కరీబియను దీవులలోని పూర్వవాసుల భాషనుండి స్పానియా దేశస్థుల నోట బడి ఇంగ్లీషులోనికి వచ్చినది. కుమారుడు పీపా పటమును గీచి ఫోనులో బంపగా, తండ్రి నంద్యాల పాత సామానుల అంగడిలో వంటనూనె పోసిన ఇన్నూఱు లీటర్ల పీపాను గొని, వెల్డింగు వానిచేత అడుగున తలుపును, లోపల రెండు కమ్మీల జాలీలను, మూతకు పొగగొట్టమును బెట్టించెను. ఆదివారములందు మేకమాంసమును కోళ్లను పొగబెట్టి, ముందుగా చెప్పియుంచిన వారికి విక్రయింపసాగిరి. రోడ్డు ప్రక్కన భోజనశాల నడుపువాడొకడు వారమునకు పండ్రెండు కిలోలు తానే తీసికొందునని యొప్పుకొనెను.

మొదటి రెండు నెలలు వ్యాపారము బాగుగనే సాగెను. భాద్రపదమున వానలు పట్టెను. కట్టెలు తడిసినవి. ఒక ఆదివారము పండ్రెండు కిలోల మాంసము ఉదయము ఏడు గంటలకు పీపాలో బెట్టిరి. సాయంకాలము నాలుగు గంటలకు బయట నల్లగాను, లోన పచ్చిగాను, ముట్టిన చేతికి జిగటగాను నుండెను. వాసనయు మాఱినది. ఆమె దానినంతయు గుంట త్రవ్వి పూడ్పించినది. పారవేయుటకు మనసొప్పక కుక్కలకు పెట్టుదమన్న భర్తతో, మన యింటి కుక్కకు పెట్టనిది ఊరి కుక్కకు మాత్రమేల యన్నదట. ఆ మఱుసటి వారము మేము విత్తనశనగ పనిమీద ఆ దారిని బోవుచుండగా మమ్ములను ఆపి, “సారూ, వానొస్తే పొగ, గాలొస్తే మంట. నడాన మాంసం ఏం గాను? పొద్దున్నుంచీ దాని ముందే కూర్చున్నా, నిప్పు నా మాట ఇంటాండ్లేదు” అని చెప్పినది.

ఆ మాటలో శాస్త్రమంతయు నిమిడియున్నది. పొగపీపాలోని కట్టె నిప్పు ఏక కాలమున రెండు పనులు చేయవలెను. ఒకటి వేడి నిచ్చుట. రెండవది పొగ నిచ్చుట. ఈ రెండింటికిని వలయు గాలి యొకటి గాదు. తలుపు దెఱచి గాలి నిచ్చినచో కట్టె భగ్గున మండును. వేడి హెచ్చును, పొగ తగ్గును. గాలిని బిగించినచో మంట యాఱి తెల్లని దట్టపు పొగ లేచును. వేడి పడిపోవును, మాంసము చేదెక్కును. కట్టె తడిదైనచో దాని వేడిలో పెద్ద పాలు తన నీటిని తానే ఆవిరి చేసికొనుటకు వ్యయమగును. మేము ఉష్ణమాపకమును దెచ్చి ఆమె పీపాలో నుంచి చూచితిమి. పొడి కట్టెతోనే ఒక పూటలో 65 డిగ్రీల సెంటిగ్రేడునుండి 160 వఱకు ఎక్కుచు దిగుచు నుండెను. తడికట్టెతో నూఱు దాటుట గగనమయ్యెను.

చెడిపోవుటకు కారణమును స్పష్టముగా జెప్పవలెను. మాంసములో రోగబీజములు 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ వేడిలో విరివిగా పెరుగును. కావున పొయ్యిమీద బెట్టిన మాంసపు నడిభాగము నాలుగు గంటలలోపల 60 డిగ్రీలను దాటవలెను. ఆమె పీపాలోని మాంసము ఆ దినమంతయు సరిగా ఆ నడిమి వేడిలోనే కూర్చున్నది. పొగ పైపూతగా నుండి కొంత కాపాడును గాని, లోపలికి జొరబడి కాపాడజాలదు. మన పెద్దలు ఉప్పుకండను చేయునప్పుడు ఉప్పు, పసుపు పట్టించి, సన్నగా గోసి, దారమునకు గ్రుచ్చి, మండుటెండలో నీరంతయు పోవువఱకు ఆఱబెట్టెదరు. అది నెలలు నిలుచుటకు ఉప్పును ఎండయు కారణములు. బార్బెక్యూ మాంసము తడిగల వంట, కూర వంటిదే. దానిని ఉప్పుకండవలె ఉట్టిమీద వ్రేలాడదీసి మఱునాడు తినువాడు ప్రాణముతో చెలగాటమాడుచున్నాడు. ఈ సంగతి ఆ దంపతులకు తెలియును. కాని వారివద్ద కొన్నవారిలో కొందఱికి తెలియకుండెను.

వేడిని ఒకరికి, పొగను మఱియొకరికి అప్పగించినచో చిక్కు విడిపోవునని మాకు దోచెను. వేడికి గ్యాసు బర్నరు. పొగకు గుప్పెడు చెక్కపేళ్లు. అమెరికాలో ఇట్టి తోడు బర్నరులను పలువురు తమ పీపాలకు బెట్టుకొనుచున్నారని కుమారుడును వ్రాసెను. ఇంతవఱకు మా యాలోచన సరియైనదే. దానిని ఆచరణలో బెట్టిన విధమున మాత్రము మేము తప్పు చేసితిమి. ఆ తప్పును దాచిన యెడల ఈ వ్యాసమువలన నెవరికిని ప్రయోజనము లేదు గనుక వ్రాయుచున్నాము.

మొదటి ప్రయత్నము ఆళ్లగడ్డ సమీపమున మఱియొక సభ్యుని దొడ్డిలో జరిగెను. పాత పొయ్యి బర్నరు నొకదానిని పీపా లోపలనే, అడుగున, ఇటుకపై నుంచితిమి. గొట్టమును తలుపు సందునుండి తెచ్చితిమి. వెలిగించి, తలుపు మూసి, మూత బెట్టితిమి. వేడి నిలువవలెనని పొగగొట్టపు రేకును సగము మూసితిమి. పది నిమిషములకు వేడి పడిపోవుచుండుట చూచితిమి. గాలి చాలక మంట యాఱిపోయినది. గ్యాసు మాత్రము వచ్చుచునే యున్నది. మాకు సాయము చేయుచున్న కుఱ్ఱవాడు తలుపు దెఱచి అగ్గిపుల్ల గీచెను. ఢమ్మని మూత లేచి గోడకు దగిలెను. వాని కనుబొమ్మలును ముంజేతి వెండ్రుకలును కమిలిపోయినవి. కన్నులకు హాని గలుగలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. కుఱ్ఱవాని తల్లి మమ్ముల నేమియు ననలేదు. అనియుండిన మాకు కొంత తేలికగా నుండెడిది.

మేము చిన్ననాడు మిషను పాఠశాలలో చదువుకొనునపుడు, భౌతికశాస్త్రము చెప్పు అయ్యవారు ఒక గాజుగిన్నెలోని బరువైన వాయువును కనబడని నీళ్లవలె వెలుగుచున్న క్రొవ్వొత్తిపై నొంపి ఆర్పి చూపిరి. చూచి చప్పట్లు కొట్టితిమి. ముప్పది యేండ్ల తరువాత ఆ పాఠము పీపా యడుగున మాకు మఱల అప్పగింపబడినది. వంట గ్యాసు బ్యూటేను, ప్రొపేనుల మిశ్రమము; గాలికంటె ఒకటిన్నరనుండి రెండింతల బరువు గలది. అడుగు మూసిన పీపాలో నది కుండలోని నీరువలె నిలుచును. తలుపు మధ్యలో నున్నచో, తలుపు క్రింది భాగమంతయు గ్యాసుతో నిండియే యుండును.

కావున రెండవ మాఱు బర్నరును పీపాలోనుండి బయటికి దెచ్చితిమి. ఇదియే ముఖ్యమైన మార్పు. పీపాను మూడు ఇనుపకాళ్లపై నేలకు ముప్పది సెంటీమీటర్ల యెత్తున నిలిపితిమి. అడుగు రేకును నడుమ ఇరువది సెంటీమీటర్ల వెడల్పున గుండ్రముగా గోయించితిమి. ఆ రంధ్రమునకు సరిగా క్రింద, నాలుగు వ్రేళ్ల యెడము విడిచి, బర్నరును బయలుగాలిలో నుంచితిమి. మంట యాఱినను గ్యాసు పీపాలో నిలువక నేలబడి చెదరిపోవును. బర్నరునకు కావలసిన గాలియు నలుప్రక్కలనుండి దొరకును గనుక మంట యాఱుటయే అరుదు. పడమటిగాలి తగులకుండ మూడు ప్రక్కల ఇటుకలు పేర్చితిమి. కాని ఇటుకల మొదటి వరుసలో సందులు విడిచితిమి. ఆ సందులను మూయరాదు. బర్నరు క్రింద గుంటయు నుండరాదు.

రంధ్రముపైన, పీపా లోపల, మందమైన ఇనుప పెనము నొకదానిని మూడు మేకులపై నిలిపితిమి. చెక్కపేళ్లు ఈ పెనముమీద, చిల్లులు గల మూతక్రింద నుండును. బర్నరు వేడికి అవి మంట లేకయే రాజుకొని పొగ నిచ్చును. పెనముపై జానెడు యెత్తున నీటిపళ్లెము, దానిపైన జాలీలు. నీటిపళ్లెము లేకున్న నేమి యని అడుగవచ్చును. మాంసమునుండి కారు క్రొవ్వు నిప్పుపై బడి మండినచో మసియు, దానితో బెంజోపైరీను మొదలగు విషపదార్థములును బుట్టి తిరిగి మాంసమునకే అంటుకొనును. అవి పుట్టకురుపునకు కారణములని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. పళ్లెములోని నీరు క్రొవ్వును పట్టుకొనుటయేగాక, లోపలి వేడి ఒక్కసారిగా ఎగబ్రాకకుండ నడ్డుకొనును. నీరు ఇంకిపోకుండ చూచుచుండవలెను.

పీపా ఎంపికయందు ఒక కఠినమైన మాట. పురుగుమందు పోసిన పీపాను ఎంత కడిగినను, ఎంత కాల్చినను దీనికి వాడరాదు. ప్రత్తి పండించు మన గ్రామములలో అట్టి పీపాలు చౌకగా దొరకును. ఆ చౌకయే దాని ప్రమాదము. జింకు పూసిన పీపాలును, జింకు పూసిన జాలీలును నిప్పు దాపున తగవు. వంటనూనె పీపానైనను లోపలి పూతయు బయటి రంగును పోవునట్లు ఒకమాఱు బయట పెద్ద మంటబెట్టి కాల్చి, తోమి, నూనె రాచి వాడుకొనవలెను.

సిలిండరు పీపాకు రెండు మీటర్ల దూరమున, ఎండ తగులని చోట, నిలువుగా నుండవలెను. రెగ్యులేటరునుండి వచ్చు రబ్బరు గొట్టము ముద్రగలదిగా నుండవలెను, ఐదేండ్లకు మార్చవలెను. అది వేడి తగులు చోటికి రాకుండ, కడపటి మీటరు దూరము ఇనుప గొట్టమును బిగించితిమి. ఇంటి పొయ్యికి వాడు తక్కువ యొత్తిడి రెగ్యులేటరే చాలును. మిఠాయి దుకాణములలోని భట్టీ బర్నరులు హుంకరించుచు మండును గాని ఈ పనికి అనవసరము. కీళ్లవద్ద సబ్బునురుగు పూసి బుడగలు లేచునేమో చూడవలెను, అగ్గిపుల్లతో చూడరాదు. వెలిగించునపుడు మూతయు తలుపును దెఱచి, ముందు పుల్ల గీచి, పిమ్మట గ్యాసు త్రిప్పవలెను. మంట యాఱినచో ముందు సిలిండరును కట్టి, అన్నియు దెఱచి, పది నిమిషములు ఊరక కూర్చుండవలెను. ఈ పది నిమిషములే మేము మొదటి దినమున కూర్చుండనివి. ఇప్పుడు మంట యాఱగానే గ్యాసును తానే కట్టివేయు సాధనము గల బర్నరులు అమ్ముచున్నారు. శక్తిగలవారు అట్టిదానినే కొనుట మంచిది. పొగపీపా ఎన్నడును గదిలో గాని, మూసిన పాకలో గాని పెట్టరాదు. రాజుకొను కట్టెనుండి వచ్చు విషవాయువునకు రంగును లేదు, వాసనయు లేదు.

అమ్మకమునకు చేయువారు ఇంటి వంటకు ఇచ్చు 14.2 కిలోల సిలిండరును వాడరాదు; వ్యాపారమునకు 19 కిలోల సిలిండరు వేఱుగ గలదు. దాని వెల యెక్కువయని మాకు తెలియును.

ఇక పరీక్ష ఫలితము. శిరివెళ్ల యవతలి సభ్యురాలి పీపానే ఈ విధముగా మార్చి, సిలిండరును తూచి, ఉదయము ఎనిమిది గంటలకు వెలిగించితిమి. అరగంటలో లోపలి వేడి 110 డిగ్రీలకు వచ్చినది. అటుపిమ్మట బర్నరు చెవిని కొంచెము త్రిప్పినచో, ఆఱు గంటలసేపు 105కును 120కిని నడుమ నిలిచినది. మూత దెఱచిన ప్రతిసారి ఇరువది డిగ్రీలు పడిపోయి కొన్ని నిమిషములలో మఱల కోలుకొన్నది. కోడిముక్కలు రెండున్నర గంటలలో సిద్ధమైనవి. రెండున్నర కిలోల మేకతొడ ఐదు గంటలు దాటినను కొంచెము బిఱుసుగా నుండి, ఆఱవ గంటకు ఎముకనుండి తానే వీడినది. కోడిమాంసపు నడుమ 74 డిగ్రీలు వచ్చినదాక దించరాదు. మేకతొడ 70 డిగ్రీలకే ఉడికినట్లగును గాని, నరములు కరగి మెత్తబడుటకు 90 దాక పోవలెను. గ్రుచ్చి చూచు ఉష్ణమాపకము లేక ఈ పని చేయబూనువారికి మేము సలహా ఇయ్యము; రంగును జూచి ఉడికినదనుకొనుట పొగమాంసమున మోసము. పొగ తగిలిన మాంసము అంచున ఎఱ్ఱగానే యుండును.

ఖర్చయిన గ్యాసు తొమ్మిదినూఱుల గ్రాములు. చెక్కపేళ్లు కిలోకు కొంచె మెక్కువ. పూర్వము అదే పనికి పదునైదు కిలోల కట్టె పట్టెడిది. మఱుసటి వారము ఆమె, మేము చెప్పకయే, పీపాచుట్టు కోళ్లజాలీని చుట్టి, వరిగడ్డి కలిపిన బంకమట్టిని రెండు వ్రేళ్ల మందమున మెత్తినది. గ్యాసు ఏడునూఱుల గ్రాములకు దిగినది. అంత సుళువైన యుపాయము మాకేల తోచలేదో యని సిగ్గుపడితిమి.

గోబరు గ్యాసుతో చేయరాదా యని ఇద్దఱు సభ్యులు మమ్ముల నడిగిరి. చేయవచ్చును. కాని లెక్క వేయుడు. ఒక ఘనమీటరు గోబరు గ్యాసు సుమారు 430 గ్రాముల సిలిండరు గ్యాసుతో సమానము. ఏడునూఱుల గ్రాములకు బదులు ఒకటింబావుకంటె నెక్కువ, ఒకటిన్నరకు పైగా ఘనమీటర్లు కావలెను. నాలుగైదు పశువుల పేడతో, దినమునకు ఏబది కిలోలు వేసి నడపు రెండు ఘనమీటర్ల గుంట ఒక దినమున నిచ్చు గ్యాసులో నిది మిక్కిలి భాగము. ఆ దినమున ఇంటి వంట కట్టెలపొయ్యి మీదికి బోవును. ఇల్లాలి కన్నులను పొగనుండి తప్పించుటకై కట్టిన గుంటను, అమ్మకపు మాంసమునకు పొగబెట్టుటకు వాడి, ఆమెను మఱల పొగలో కూర్చుండబెట్టుట మాకు సమ్మతము గాదు. పెద్ద గుంట గలవారు చేసికొనవచ్చును. అయితే గోబరు గ్యాసు ఒత్తిడి తక్కువ గనుక సిలిండరు బర్నరు పనికిరాదు, దానికి తగిన పెద్ద రంధ్రపు బర్నరునే కొనవలెను.

పేళ్లను గూర్చి కొంత వ్రాయవలెను. ఇందు మాకొక ముచ్చటయైన సంగతి కనబడినది. టెక్సాసువారు బార్బెక్యూకు మెస్కీటు అను ముండ్లచెట్టు కట్టెను మెచ్చుకొందురు. ఆ చెట్టు మన చేలగట్లను, చెఱువుకట్టలను ఆక్రమించి మనము దినదినము తిట్టుకొను సర్కారు తుమ్మకు దగ్గఱి చుట్టము. సర్కారు తుమ్మ మన దేశపుది గాదు. 1877 ప్రాంతమున అటవీశాఖవారు అమెరికా ఖండపు విత్తనమును దెప్పించి, వంటచెఱకు కొఱకై, ఆళ్లగడ్డకు దక్షిణముగా నున్న కడప జిల్లా కమలాపురమున నాటించిరి. మన నేలలో దానిని అణచుట ఎవ్వరి తరమును గాలేదు. కుమారుడు సముద్రముల కావల వెలపెట్టి కొను కట్టె, తండ్రి ఇచ్చట కూలియిచ్చి నఱికించి తగులబెట్టుచున్నాడు. పొగ ఘాటైనది గనుక గుప్పెడు మించరాదు. ఆరు నెలలు ఎండవలెను. మామిడి, జామ, చింత, నల్లతుమ్మ మెత్తని పొగ నిచ్చును. వేపను వాడరాదు, చేదు. గన్నేరు విషము; ఆ పుల్లతో మాంసమును గ్రుచ్చుటయు కూడదు. రంగువేసిన పలక, పాత తలుపుచెక్క, నీలగిరి ఇవియు వలదు. పేళ్లను నీట నానబెట్టుట వలన పొగ ఆలస్యమగునే గాని మెఱుగుపడదు. పొగగొట్టమునుండి సన్నని నీలిపొగ వచ్చుచున్నంతసేపు అంతయు బాగుగ నున్నట్లు. తెల్లగా దట్టముగా వచ్చినచో పేళ్లు హెచ్చినవని తెలిసికొనవలెను. రెండవ గంట తరువాత క్రొత్త పేళ్లు వేయుట వృథా. పొగ పట్టవలసినంత అప్పటికే పట్టియుండును.

చేపలను గూర్చి వెలుగోడు జలాశయము దాపునుండి ఒక సభ్యుడు అడిగియున్నాడు. శీలావతిని చీల్చి, పది లీటర్ల నీటికి ఒక కిలో ఉప్పు కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టి, గాలికి ఆఱనిచ్చి, పొగబెట్టవచ్చును. నడుమ 63 డిగ్రీలు వచ్చి అరగంట నిలువవలెను. మేము ఇంకను ఒక్కమాఱే చేసి చూచితిమి. తోలు జాలీకి అంటుకొని సగము చేప అక్కడనే మిగిలినది. జాలీకి నూనె రాచి మఱల చేయుదుము.

పొగమాంసమును దించిన రెండు గంటలలోపల తినవలెను, లేదా శీతలపెట్టెలో బెట్టవలెను. భోజనశాలవానికి ఆమె ఇప్పుడు ఈ షరతు చెప్పియే ఇచ్చుచున్నది. వాడు మొదట విసుగుకొని రెండు వారములు రాలేదు. మూడవ వారము మంచుగడ్డల పెట్టెతో వచ్చెను.

మార్చిన పీపాను చూడగోరు సభ్యులు ముందుగా సంఘ కార్యదర్శికి తెలియజేసినచో, ఆదివారమునాడు ఆమె దొడ్డివద్ద మేమును ఉందుము. ఆళ్లగడ్డ కుఱ్ఱవాడును వచ్చుచున్నాడు, కనుబొమ్మలు మొలచినవి. అగ్గిపెట్టె ఇప్పుడు వానివద్దనే యుండును, సిలిండరు చెవిని త్రిప్పుటకు ముందు మమ్ములను దూరముగా నిలువుమని వాడే చెప్పుచున్నాడు.